పదహారు నెలల పాప, ఎనిమిది నెలల బాబు: ఒక లేబర్ క్యాంపులో తట్టు

పాప వయసు 16 నెలలు. బరువు 7.2 కిలోలు. మా పిల్లల వార్డుకు వచ్చేసరికి జ్వరం మొదలై ఆరు రోజులైంది, దద్దుర్లు లేచి మూడు రోజులు. తల్లిదండ్రులది నారాయణపేట వైపు పల్లె. హైదరాబాద్‌కు పడమటి అంచున, కోకాపేట చుట్టుపక్కల లేస్తున్న టవర్ల దగ్గర సెంట్రింగ్ పని చేస్తారు. పక్కనే లేబర్ క్యాంపులో రేకుల షెడ్డులో కాపురం. అదే వరుసలో రెండు షెడ్ల అవతల పాప మేనత్త ఉంటుంది. ఆమె కొడుకు, 8 నెలల బాబు, పాప మా దగ్గర అడ్మిట్ కావడానికి ముందు రోజే చనిపోయాడు. ఆ సంగతి మొదట మాకెవరూ చెప్పలేదు.

ఇద్దరికీ వచ్చింది తట్టే. దానికి చికిత్స ఎలా చేయాలో ఏ పిల్లల డాక్టరుకైనా తెలుసు. నేను ఈ కేసును వివరంగా రాస్తున్నది అందుకు కాదు. పాపకు పడాల్సిన టీకా ఎక్కడెక్కడ తప్పిపోయిందో వెనక్కి వెళ్లి చూస్తే, ఇంకా టీకా వయసే రాని బాబు చావుకు కారణం అక్కడ దొరికింది. కుటుంబాన్ని ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

వార్డుకు వచ్చినప్పుడు

ముఖం, మెడ మీద దద్దుర్లు అప్పటికే నల్లబడుతున్నాయి. కాళ్ల మీద ఇంకా ఎర్రగా ఉన్నాయి. తట్టు పైనుంచి కిందికి దిగుతుంది, అదే వరసలో మానుతుంది కాబట్టి ఒంటిని చూస్తే ఎన్నో రోజో దాదాపు చెప్పేయొచ్చు. కళ్లు పుసికట్టి అతుక్కుపోయాయి. నోరంతా పుండ్లు. ఏడిస్తే గొంతు బొంగురుగా వస్తోంది. నిమిషానికి 62 సార్లు ఊపిరి తీస్తోంది, పక్కలు ఎగరేస్తోంది. ఆక్సిజన్ 88 శాతం. ముందు రోజు నుంచి నీళ్ల విరేచనాలు. పొద్దుటి నుంచి చుక్క పాలు ముట్టలేదు. జబ్బ చుట్టుకొలత 12 సెంటీమీటర్లు. అంటే తట్టు రాకముందు నుంచే ఈ బిడ్డ తిండి చాలక ఉంది.

పాపను ఎత్తుకొచ్చింది నాయనమ్మ. వెనకాల తల్లి. చున్నీ కొంగులో వేపాకు మండలు. జ్వరం వచ్చిన ఆరు రోజులూ ఏం పెట్టారని అడిగాను.

"తల్లి పోసింది గద మేడమ్. పోపు ఎయ్యలే. చప్పటి గంజి తాపినం. సూది ఎయ్యొద్దంటరు, అందుకే దవాఖానకు తీస్కపోలే."

"పక్కలు ఎగరేసుడు ఎప్పటి సంది అవ్వా?"

"నిన్న మాపటి సంది."

ఇలాంటి కుటుంబాలను ఆస్పత్రుల్లో కసురుకోవడం నేను చాలాసార్లు చూశాను. దానివల్ల ఒరిగేది ఏమీ లేదు. వేపాకు వల్ల బిడ్డకు నష్టం లేదు. తల్లి పోసిన ఇంటికి బయటివాళ్లు రాకూడదన్న కట్టడి నిజానికి మంచిదే, ఇంకో బిడ్డకు అంటకుండా చూస్తుంది. ప్రమాదమల్లా రెండే: తిండి తగ్గించడం, ఊపిరి ఆడకపోతున్నా తల్లి దిగిపోయేదాకా ఆగుదాం అనుకోవడం. ఈ రెండింటి గురించి మాట్లాడితే పెద్దవాళ్లు వింటారు. పోచమ్మ గురించి వాదనకు దిగితే అసలు మాటే చెవిన పడదు.

పాపను నేరుగా విడి గదిలోకి తీసుకున్నాం. తట్టు వైరస్ దగ్గుతో గాల్లోకి వచ్చాక, రోగి ఆ గదిలోంచి వెళ్లిపోయినా రెండు గంటల దాకా అక్కడ ఉండగలదు. టీకా లేనివాళ్ల మధ్య ఒక్క రోగి నుంచి 12 నుంచి 18 మందికి సోకుతుంది. అందుకే ఓపీ వరండాలో పాప పక్కన కూర్చున్న పిల్లల పేర్లన్నీ అదే గంటలో రాసుకున్నాం. సోకిన 72 గంటల లోపు టీకా వేస్తే జబ్బు రాకుండా ఆపగలం, లేదా తీవ్రత తగ్గించగలం. ఆ గడువు దాటితే ఆ అవకాశం పోతుంది.

చికిత్సలో అన్నిటికంటే ముందు వేసింది విటమిన్ ఎ. ఏడాది దాటిన బిడ్డ కాబట్టి 2 లక్షల యూనిట్లు, మర్నాడు మళ్లీ అంతే. తట్టు ఒంట్లోని విటమిన్ ఎ నిల్వలను తినేస్తుంది. తిండి చాలని పిల్లల్లో ఆ నిల్వలు ముందే అడుగంటి ఉంటాయి. అప్పుడు కంటి నల్లగుడ్డు మెత్తబడి చూపు పోవచ్చు, ఊపిరితిత్తుల లోపలి పొర, పేగుల లోపలి పొర మానడం ఆగిపోతుంది. ఎంతో చవకైన ఈ నూనె చుక్కలు తట్టు మరణాలను తగ్గిస్తాయని దశాబ్దాలుగా తెలుసు. అయినా బయట నుంచి మాకు రెఫర్ అయి వచ్చే కేసు కాగితాల్లో ఖరీదైన యాంటీబయాటిక్ రాసి ఉంటుంది, విటమిన్ ఎ ఉండదు. ఇది నాకు ఎప్పుడు చూసినా బాధగానే ఉంటుంది.

తట్టు వైరస్‌కు నేరుగా పనిచేసే మందు లేదు. పిల్లలను ఎక్కువగా చంపేది దాని వెనకే వచ్చే న్యుమోనియా. పాపకు ఎక్స్-రేలో రెండు వైపులా నెమ్ము కనిపించింది. యాంపిసిలిన్, జెంటామైసిన్ మొదలుపెట్టాం. మొదటి రాత్రే మామూలు ఆక్సిజన్ చాలక ఒత్తిడితో గాలి పంపే బబుల్ సీప్యాప్ మీద పెట్టాల్సి వచ్చింది. విరేచనాలకు ఓఆర్ఎస్, జింక్. నోటి పుండ్ల వల్ల మింగలేదు కాబట్టి ముక్కు గొట్టం ద్వారా తల్లి పాలు, తర్వాత పలచటి ఆహారం. కళ్లకు శుభ్రమైన తడి దూది, యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్. కంట్లో స్టెరాయిడ్ చుక్కలు మాత్రం ఎవరూ వేయకూడదు.

రక్తం శాంపిల్ దద్దుర్లు లేచిన నాలుగో రోజు తీశాం. మొదటి మూడు రోజుల్లో తీస్తే తట్టు ఉన్నా ఐజీఎం (వైరస్ మీద పోరాడటానికి ఒళ్లు కొత్తగా తయారుచేసే యాంటీబాడీ) పరీక్ష నెగెటివ్ రావచ్చు. మాకు పాజిటివ్ వచ్చింది. నిజానికి రిపోర్టు వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు, మేం ఆగలేదు. జ్వరంతో దద్దుర్లు ఉన్న ప్రతి బిడ్డనూ అనుమానిత కేసుగా ప్రభుత్వ నిఘా విభాగానికి వెంటనే తెలియజేయాలి. ఆ ఫోన్ మొదటి రోజే వెళ్లింది.

మూడో రోజు రాత్రి పాప ఆక్సిజన్ అవసరం తగ్గింది. నాయనమ్మ అప్పుడు నర్సుతో అంది, "ఈ పిల్లన్న దక్కింది" అని. నర్సు ఆ మాట పట్టుకుని అడగబట్టి బాబు సంగతి బయటికొచ్చింది.

బాబు

బాబుకు జ్వరం, దగ్గు పాప కంటే రెండు రోజుల ముందు మొదలయ్యాయి. దద్దుర్లు లేచిన మూడో రోజు సాయంత్రం ఊపిరి ఎగపోయడం మొదలైంది. దగ్గర్లోని ఆర్ఎంపీ ఒక ఇంజెక్షన్, దగ్గు సిరప్ ఇచ్చాడు. తెల్లవారుజామున ఒళ్లు చల్లబడితే ఒక నర్సింగ్ హోమ్‌కు పరిగెత్తారు. అక్కడ ముందు డబ్బు కట్టమన్నారు, పెద్దాస్పత్రికి పొమ్మన్నారు. ఆక్సిజన్ పెట్టలేదు, కాగితం రాయలేదు. ఆటోలో వస్తుండగా మెహిదీపట్నం చేరకముందే బాబు పోయాడు. ఆటో అక్కడి నుంచే వెనక్కి తిరిగింది. కూలీలను పనికి తెచ్చే గుంపు మేస్త్రీ బండి మాట్లాడి పెట్టాడు, పొద్దు గూకేలోపు ఊళ్లో పూడ్చేశారు.

ఈ మరణం ఎక్కడా నమోదు కాలేదు. ఆస్పత్రికి చేరలేదు కాబట్టి ఆస్పత్రి లెక్కలో లేడు. క్యాంపు ఉన్న చోటును అందరూ హైదరాబాద్ అనే అంటారు, కాగితాల ప్రకారం అది రంగారెడ్డి జిల్లా. పూడ్చింది నారాయణపేట జిల్లాలో. అక్కడి రికార్డుల దృష్టిలో బిడ్డ పోయింది నగరంలో. పాప బతికి మా వార్డులో ఉండబట్టి, నాయనమ్మ నోట ఆ ఒక్క మాట రాబట్టి, నిఘా వైద్యాధికారి తల్లి దగ్గర కూర్చుని రోజువారీగా లక్షణాలు అడిగి రాసుకోబట్టి ఆ బాబు తట్టు మరణంగా లెక్కలోకి వచ్చాడు. నగరంలో తట్టుతో పిల్లలు చనిపోవడం లేదని ఎవరైనా అంటే, వలస కుటుంబాల పిల్లలను ఎవరు లెక్కపెడుతున్నారని నేను తిరిగి అడుగుతాను.

బాబుకు టీకా వేయించనందుకు తల్లిని తప్పు పట్టడానికి లేదు. మన టీకాల పట్టికలో మొదటి ఎంఆర్ (తట్టు, రుబెల్లా రెండింటికీ కలిపి వేసే టీకా) డోసు 9 నెలలు నిండాకే. అప్పటిదాకా బిడ్డను కాచేది తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు. టీకా వల్ల రక్షణ పొందిన తల్లుల నుంచి వచ్చే యాంటీబాడీలు, చిన్నప్పుడు తట్టు వచ్చి తగ్గిన తల్లుల నుంచి వచ్చేవాటి కంటే తక్కువగా ఉంటాయి, త్వరగా పోతాయి. అంటే ఇప్పటి పసిపిల్లలకు ఆరేడు నెలల నుంచి తొమ్మిదో నెల దాకా సొంత రక్షణ దాదాపు ఏమీ ఉండదు. ఆ వయసులో వాళ్లను కాపాడేది చుట్టూ ఉన్న పెద్ద పిల్లల టీకాలే. ప్రతి వందమందిలో 95 మందికి రెండు డోసులు పడితేనే ఆ కాపు నిలుస్తుంది. ఆ క్యాంపులో అది లేదు.

టీకా తప్పిపోయిన చోట్లు

పాప తల్లితో కూర్చుని, పుట్టిన దగ్గర నుంచి బిడ్డను ఆరోగ్య సిబ్బంది ఎవరెవరు చూశారో వరసగా రాశాం. టీకా అందని పిల్లలు అనగానే ఎవరికీ కనబడకుండా పెరిగిన పిల్లలు అనుకుంటాం. ఈ పాపను చాలామంది చూశారు.

పుట్టింది ప్రభుత్వ ఆస్పత్రిలో. బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ టీకా అక్కడే పడ్డాయి. ఐదు జబ్బులకు కలిపి వేసే తర్వాతి పెంటావాలెంట్ డోసులు ఆలస్యంగానైనా పడ్డాయి. తొమ్మిది నెలలు నిండేసరికి జులై. వానలు పడ్డాయని విత్తనాలకు ఊరికి పోయారు. తల్లి సబ్ సెంటర్‌కు పాపను తీసుకెళ్లింది. టీకా కార్డు హైదరాబాద్‌లో షెడ్డులో ఉండిపోయింది. కార్డు తెచ్చుకుని రమ్మన్నారు. కార్డు లేదన్న కారణంతో టీకా ఆపమని ఏ నియమమూ చెప్పదు. తల్లి చెప్పింది విని, వయసు చూసి, కొత్త కార్డు రాసి వేయొచ్చు.

నగరానికి తిరిగొచ్చాక పాపకు విరేచనాలు పట్టుకుంటే క్లినిక్‌కు తీసుకెళ్లారు. సెలైన్ పెట్టారు. టీకాల గురించి ఎవరూ అడగలేదు. ప్రైవేటు క్లినిక్కుల్లో ఇది దాదాపు ఎక్కడా అడగరు, అది ప్రభుత్వం పని అనుకుంటారు.

తర్వాత ఒక బుధవారం పొద్దున బస్తీలో టీకాల సెషన్ ఉందని తెలిసి తల్లి సగం రోజు కూలి వదులుకుని వెళ్లింది. అక్కడ ఆమె ఉన్నంతసేపట్లో ఎంఆర్ వేయాల్సిన పిల్లలు పాపతో కలిపి ఇద్దరే వచ్చారు. ఎంఆర్ టీకా పొడి రూపంలో వస్తుంది, ద్రావకం కలిపాక నాలుగు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారేయాలి. మిగతా డోసులు వృథా అవుతాయని వయల్ (టీకా సీసా) తెరవలేదు. పైగా పాపకు జలుబు ఉంది, తగ్గాక వచ్చే వారం రమ్మన్నారు. జలుబుకూ ఈ టీకాకూ సంబంధం లేదు. ఒక్క బిడ్డ వచ్చినా వయల్ తెరవాలనే సూచనలు చెబుతున్నాయి. అయితే వయల్ వృథా అయితే పైవాళ్లు లెక్క అడుగుతారు, బిడ్డ వెనక్కి వెళ్లిపోతే ఎవరూ లెక్క అడగరు. టీకాలు వేసే ఏఎన్ఎం అక్క మీద ఉన్న ఆ టెన్షన్ తీయకుండా ఆమెను నిందించడం నాకు న్యాయంగా అనిపించదు. వచ్చే వారం తల్లి వెళ్లలేదు. రెండో సారి సగం కూలి వదులుకోవడం ఆ ఇంట్లో కుదరదు.

ఆఖరిది పోలియో. పల్స్ పోలియో బృందం క్యాంపుకు వచ్చి ప్రతి షెడ్డూ తిరిగింది. పాప నోట్లో చుక్కలు వేసి, వేలికి గుర్తు పెట్టి, తలుపు మీద రాసి వెళ్లారు. తల్లిని టీకాలన్నీ వేయించావా అని మేం అడిగినప్పుడు ఆమె ధైర్యంగా చెప్పింది: "ఏపిచ్చినం మేడమ్. చుక్కలేసిన్రు, ఏలికి మరక గూడ పెట్టిన్రు."

ఈ జవాబు దగ్గర మనం కాసేపు ఆగాలి. పోలియో బృందాల దగ్గర కన్‌స్ట్రక్షన్ సైట్లు, ఇటుక బట్టీలు, సంచార కుటుంబాల గుడారాలు రాసుకున్న జాబితా ఉంది. చుక్కలు తలుపు దాకా వెళ్లాయి. తట్టు టీకా దగ్గరకు మాత్రం తల్లే రావాలి, అదీ బుధ, శనివారాల్లో, ఆమె పనిలో ఉండే పూట. పోలియోను తరిమికొట్టిన దేశానికి ఈ షెడ్ల దారి తెలుసు. తట్టు టీకా 1985లోనే మన జాతీయ కార్యక్రమంలోకి వచ్చింది, రెండో డోసు 2010 నుంచి మొదలైంది. 2017 ఆగస్టులో తెలంగాణలో 9 నెలల నుంచి 15 ఏళ్ల దాకా పిల్లలకు ఎంఆర్ క్యాంపెయిన్ జరిగింది. ఈ పాప పుట్టింది ఆ తర్వాత చాలా ఏళ్లకు. క్యాంపెయిన్ ఎంత గొప్పగా జరిగినా ఆ తర్వాత పుట్టిన వాళ్లను కాచేది వారం వారం జరిగే మామూలు సెషనే. 2022 చివర్లో ముంబై గోవండీ బస్తీల్లో తట్టు ప్రబలి పిల్లలు పోయినప్పుడు కూడా కనిపించింది ఇదే: కోవిడ్ రోజుల్లో మామూలు టీకాలు తప్పిపోయిన పిల్లలు, ఇరుకు గదులు, ఆలస్యంగా అందిన ఆస్పత్రి.

క్యాంపులో

వైరస్ ఎలా వచ్చిందో తెలుసుకోవడం కష్టం కాలేదు. తల్లులంతా పనికి పోతే, నడవలేని ముసలివాళ్లు, పసిపిల్లలు షెడ్లలో మిగులుతారు. చిన్నపిల్లలందరినీ చూసుకునేది పాప నాయనమ్మే. వేరే సైటు నుంచి కొత్తగా వచ్చిన కుటుంబంలోని నాలుగేళ్ల పిల్లవాడిని కూడా అక్కడే వదిలేవాళ్లు. వాడికి జ్వరం, దగ్గు, కళ్లు ఎర్రబడటం మొదలయ్యాక కూడా రెండు మూడు రోజులు అక్కడే ఆడుకున్నాడు. దద్దుర్లు లేచాకే తల్లి పని మాని ఇంట్లో ఉంచుకుంది. తట్టు దద్దుర్లకు నాలుగు రోజుల ముందు నుంచే అంటుతుంది. వేపాకు కట్టేసరికి జరగాల్సింది జరిగిపోయింది. సోకిన పది రోజులకు జ్వరం, రెండు వారాలకు దద్దుర్లు: పాప తేదీలు, బాబు తేదీలు ఆ పిల్లవాడి తేదీలతో సరిగ్గా కలిశాయి. మరి కొందరు పిల్లలు అప్పటికి జ్వరంతో షెడ్లలో పడుకుని ఉన్నారు.

టీకా బృందం మొదటి రోజు పొద్దున పదకొండింటికి వెళ్లింది. తలుపులకు తాళాలు. అప్పటి నుంచి సాయంత్రం ఆరు తర్వాతే వెళ్లాలని నిర్ణయమైంది. వ్యాక్సిన్ క్యారియర్‌లో ఐస్ ప్యాకులు ఉంటే సాయంత్రం సెషన్‌కు ఏ అడ్డంకీ లేదు. ఆరింటికి కలిపిన వయల్ పది దాకా పనికొస్తుంది. తల్లులు స్నానాలు చేసి, పొయ్యి ముట్టించే ముందు పిల్లలను ఎత్తుకుని వచ్చారు. తండ్రులూ వచ్చారు, పొద్దుటి సెషన్లలో వాళ్లు ఎప్పుడూ కనిపించరు. కార్డు ఉన్నా లేకున్నా 9 నెలలు నిండిన, ఐదేళ్ల లోపు పిల్లలందరికీ ఒక డోసు. తట్టు కేసుల్లో పది శాతం కంటే ఎక్కువ 9 నెలల లోపు పిల్లలే ఉన్న చోట ఆరు నెలలు నిండినవాళ్లకూ ఒక డోసు వేయాలని 2022లో కేంద్రం సూచించింది. ఇక్కడ ఆ పరిస్థితే ఉంది కాబట్టి వాళ్లకూ వేశారు. ఈ డోసు లెక్కలో చేరదు, తొమ్మిదో నెలలో, ఏడాదిన్నరప్పుడు వేయాల్సినవి మళ్లీ వేయాల్సిందే. ఆ మాటను ప్రతి తల్లికీ విడిగా చెప్పి కార్డు మీద రాశారు. జబ్బుపడి ఉన్న పిల్లలకు అక్కడికక్కడే విటమిన్ ఎ, ఊపిరి లెక్కపెట్టి చూడటం. వాళ్లలో ఒకరిని ఆ రాత్రే ఆస్పత్రికి పంపారు, ఆ బిడ్డ కోలుకుంది.

తల్లి పోసిన షెడ్ల పక్కవాళ్లు మొదట ఒప్పుకోలేదు. సూది గుచ్చితే తల్లికి కోపమొస్తుందన్నారు. వాళ్లను ఒప్పించింది మేం కాదు, బృందమూ కాదు. పాప డిశ్చార్జి అయి క్యాంపుకు చేరాక నాయనమ్మ షెడ్డు షెడ్డుకూ తిరిగింది. పోయిన బాబు ఆమె కూతురి కొడుకు. "తల్లికి మొక్కున్రి, సూది గూడ ఏపియ్యున్రి. నేను ఇద్దర్ల ఒకణ్ణి పోగొట్టుకున్న" అని ఆమె చెప్పిందని ఆశ కార్యకర్త నాకు ఫోన్‌లో చెప్పింది. ఆ తర్వాత జరిగిన సెషన్లలో ఎవరూ వద్దనలేదట. గుంపు మేస్త్రీ కొత్తగా దిగే కుటుంబాల్లో చిన్నపిల్లలు ఉంటే ఏఎన్ఎంకు ఫోన్ చేయడానికి ఒప్పుకున్నాడు. నాకు తెలిసినంతలో ఈ క్యాంపుల్లో ఎవరు వచ్చారో ఎవరు వెళ్లారో కచ్చితంగా తెలిసేది అతనికే. టీకా జాబితాలు అతని నోట్‌బుక్‌తో మొదలవ్వాలని నేను గట్టిగా నమ్ముతాను.

తర్వాత

తట్టు తగ్గినా దాని పని అయిపోదు. పాత జబ్బుల మీద ఒంటికి ఉన్న గుర్తును అది చెరిపేస్తుంది, నెలల తరబడి బిడ్డ ఏ ఇన్ఫెక్షన్‌కైనా తేలిగ్గా దొరుకుతుంది. పాపకు డిశ్చార్జి అయిన మూడు వారాలకు మళ్లీ విరేచనాలు పట్టుకున్నాయి. ఈసారి మొదటి రోజే తీసుకొచ్చారు, ఓపీలోనే సరిపోయింది. కళ్లలో పొడిదనం ఇంకా ఉండటంతో విటమిన్ ఎ మూడో డోసు ఇచ్చాం. గుడ్డు, పప్పు, నూనె వేసిన మెత్తటి అన్నం ఎంత పెట్టాలో నాయనమ్మకే చెప్పాం, తిండి పెట్టేది ఆమే కాబట్టి. రెండేళ్ల లోపు తట్టు వచ్చిన పిల్లల్లో చాలా అరుదుగా ఏళ్ల తర్వాత మెదడుకు ఎస్ఎస్‌పీఈ అనే ప్రాణాంతక జబ్బు రావచ్చు. బడికి వెళ్లే వయసులో చదువులో వెనకబడటం, ఉన్నట్టుండి ఒళ్లు ఉలిక్కిపడటం మొదలైతే చూసే డాక్టరుకు తెలియాలని డిశ్చార్జి కాగితం మీద తట్టు వచ్చిన తేదీని పెద్ద అక్షరాలతో రాశాం.

తట్టు వచ్చి తగ్గినా ఎంఆర్ టీకా వేయాల్సిందే. దానిలో రుబెల్లా కూడా ఉంది. పాపకు మొదటి డోసు ఆ ఫాలో అప్ రోజునే పడింది, అప్పుడు బరువు 7.9 కిలోలు. రెండో డోసు నెల తర్వాత పడాలి. ఈలోగా సైటులో స్లాబ్ పనులు అయిపోయి కుటుంబం పటాన్‌చెరు వైపు మారింది. పాత ఏరియా ఏఎన్ఎం కొత్త ఏరియా ఏఎన్ఎంకు ఫోన్ చేసి పేరు, తేదీ, మేస్త్రీ నంబరు ఇచ్చింది. కార్డు ఈసారి నాయనమ్మ తన సంచిలో పెట్టుకుని వెళ్లింది. రెండో డోసు అక్కడే పడిందని తండ్రి ఫోన్ చేసి చెప్పాడు.